విటమినుమాత్ర రక్షరేకు కాదు

జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల కల్లుదుకాణములును, సిరిసిల్ల మరమగ్గముల వాడలందలి మద్యపానమును ఎల్లరెఱిగినవే. విటమినులు మ్రింగినచో త్రాగినను కాలేయమునకు భయము లేదని నమ్మువారు గలరు. ఈ భ్రమను తొలగింపవలయునని మేము తలంచుచున్నాము.

ఇందు సత్యలేశము లేకపోలేదు. కల్లైనను సీసామద్యమైనను అందలి ఆల్కహాలు కాలేయమున అసిటాల్డిహైడను విషముగా మాఱును. ఆ పనిలో ప్రాణవాయువునుండి పుట్టు తీక్ష్ణాణువులు, ఇనుమును త్రుప్పు తినునట్లు, కాలేయమును తినివేయును. సి, ఇ విటమినులు వీని నణచునవే. మితిమీరి త్రాగువారికి ఇవి కొఱవడుటయు నిజమే.

అయినను మద్యమువలన కాలేయము వాచిన రోగులకు విటమిను ఇ నిచ్చి చేసిన పరీక్ష 2004లోను, ఇట్టి నిరోధకములు పెక్కింటిని కలిపి యిచ్చిన పరీక్ష 2007లోను ప్రకటింపబడినవి. రెండింటను మరణములు తగ్గలేదు. విటమిను ఎ యైతే మితిమీరిన మద్యముతో గూడి కాలేయమునకు మఱింత చేటు తెచ్చును. పొయ్యిలో కట్టెలు ఎగద్రోయుచు పొంగుపై నీళ్లు చల్లిన నేమి ఫలము?

ఉసిరికయు జామయు తినుడు; మేలే. కాని త్రాగుడు మానుటయే మందు. నిత్యము మితిమీరి త్రాగువారు హఠాత్తుగా మానినచో మూర్ఛలు రావచ్చును గనుక వైద్యుని పర్యవేక్షణమున మానవలయును. భూస్వాములారా, సేట్లారా, ఆసాములారా! మీ కన్నులుగాని, మీ పనివాని కన్నులుగాని పచ్చవాఱినచో మాత్రలడబ్బాను వెదకక ఆసుపత్రి త్రోవ పట్టుడు.