ఆ ఎర్రచుక్క సాలెపురుగేనా?

వానలు పడ్డాక పొలం గట్టు మీదో, పార్కులో పచ్చిక మీదో కూర్చుంటే చిన్న చిన్న పురుగులు చేతి మీదకు పాకుతాయి. ‘అయ్యో, సాలెపురుగు!’ అని దులిపేసుకుంటాం. నిజంగా అది సాలెపురుగేనా?

సాలెపురుగుకు ఎనిమిది కాళ్ళు. ఒళ్ళు రెండు భాగాలు, మధ్య సన్నని నడుము. రెక్కలూ, మీసాలూ ఉండవు. గోడ మీద గెంతుతూ తిరిగే చిట్టి సాలీడు ఈగల్నీ, దోమల్నీ పట్టి తింటుంది. దాన్ని చంపకండి. నడుమే లేకుండా గుండ్రని బొట్టులా ఉంటే మాత్రం అది సాలెపురుగుకు దాయాది అయిన నల్లి జాతి. (మంచం నల్లి కాదు సుమా! ఆరు కాళ్ళ ఆ మహాతల్లి వంశమే వేరు.)

ఈ దాయాదుల్లో సాధువులూ ఉన్నారు. తొలకరికి ఎర్ర మఖమల్ ముద్దలా నేల మీద నడిచే ఆరుద్ర పురుగు కరవదు. మిరప, బెండ ఆకుల అడుగున సన్నని గూడు అల్లే ఎర్రనల్లితో బాధ రైతుకే.

భయపడవలసింది కంటికి ఆనని దానికి. ఆరుద్ర పురుగుకు దూరపు చుట్టమైన ఒక నల్లి పిల్ల ఉంది. పేరు చిగ్గర్. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. పిల్ల దశ కనుక ఆరే కాళ్ళు. పొదల్లో, గడ్డి కొసన కాచుకుని, ఎలుకలనూ, దారిన పోయే మనిషినీ పట్టుకుంటుంది. దీనివల్ల వచ్చేదే స్క్రబ్ టైఫస్. రెండవ ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను మంచాన పడేసిన జ్వరం ఇదే. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల వైద్యులకూ ఇది పాత పరిచయమే.

కుట్టిన ఒకటి రెండు వారాలకు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. టైఫాయిడ్ అనో, డెంగ్యూ అనో పొరబడడం సులభం. అందుకే జ్వరం తగ్గకపోతే రోగి ఒళ్ళంతా వెతకండి. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర, స్త్రీలకు రొమ్ముల కింద సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లని చెక్కు ఉంటుంది. సాధారణంగా నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలియదు. సిగ్గుపడి డాక్టరుకు చూపించరు కూడా. అలాగని చెక్కు అందరిలోనూ కనిపించదు. లేదు కదా అని ధీమా పడకండి.

పెనిసిలిన్ జాతి మందులకు ఇది లొంగదు. డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సకాలంలో వాడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. సొంతంగా మాత్రలు కొని మింగవద్దు.

దీనికి టీకా లేదు. గడ్డి కోతకు వెళ్ళేవారు నిండుగా బట్టలు కట్టుకోవాలి. ఉతికిన బట్టలు పొదల మీద ఆరవేయకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, విడిచిన బట్టలను వేడినీళ్ళలో నానబెట్టాలి. పెరట్లో పిచ్చిమొక్కలు పీకించి, ఎలుకల బొరియలు పూడ్పించండి.