జపనీస్ వస్తే జపాన్‌లో కొలువు వచ్చినట్టేనా?

విదేశీ భాష ఒకటి నేర్చుకుంటే విదేశంలో ఉద్యోగం తేలికగా దొరుకుతుందన్న నమ్మకం మన యువతలో కొత్తది కాదు. ఒకప్పుడు ఫ్రెంచి, ఆ తరువాత జర్మన్ ఆ ఆశకు ఆలంబనగా నిలిచాయి. ఇప్పుడు జపనీస్ వంతు వచ్చింది. 2025 ఆగస్టు 29న టోక్యోలో జరిగిన భారత్–జపాన్ వార్షిక శిఖరాగ్ర సమావేశంలో, ఐదేళ్ల కాలంలో ఇరు దేశాల మధ్య 5 లక్షల మందికి పైగా రాకపోకలు సాగించాలని, వారిలో 50 వేల మంది నైపుణ్యం గల భారతీయులు జపాన్‌కు వెళ్లేలా చూడాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ ప్రకటన తరువాత జపనీస్ శిక్షణపై ఆసక్తి మరింత పెరిగింది.

అయితే డిగ్రీ పూర్తిచేసి అంతర్జాతీయ వాణిజ్య రంగంలో స్థిరపడాలనుకునే విద్యార్థికి ఈ అంకెలు అసలు సంగతి చెప్పవు. ఏ స్థాయి భాష ఏ ఉద్యోగానికి పనికివస్తుంది? ధ్రువపత్రం దేనికి రుజువు, దేనికి కాదు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియకుండా చేరినవారు రెండు మూడేళ్ల కాలాన్ని, కుటుంబం కూడబెట్టిన సొమ్మును కోల్పోయే ప్రమాదం ఉంది.

రెండు మార్గాలు, రెండు భాషాస్థాయులు

జపాన్‌లో పనిచేయగోరే విదేశీయులకు ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. ప్రకటనల్లో ఈ రెండూ తరచూ కలగలిసిపోతుంటాయి.

మొదటిది 2019 ఏప్రిల్‌లో మొదలైన ‘ప్రత్యేక నైపుణ్య కార్మికుల’ విధానం. దీనిపై భారత్, జపాన్ 2021 జనవరిలో సహకార ఒప్పందం కుదుర్చుకున్నాయి. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, ఆహార పదార్థాల తయారీ, నిర్మాణం, హోటళ్లు వంటి రంగాలు దీని పరిధిలోకి వస్తాయి. డిగ్రీ అవసరం లేదు. ఆయా రంగానికి చెందిన నైపుణ్య పరీక్షతో పాటు, భాషలో ఎన్4 స్థాయిని గానీ దానికి ప్రత్యామ్నాయంగా జపాన్ ఫౌండేషన్ నిర్వహించే ప్రాథమిక పరీక్షను గానీ దాటితే సాధారణంగా సరిపోతుంది. ఈ విధానపు మొదటి శ్రేణిలో సాధారణంగా మొత్తం మీద ఐదేళ్ల వరకే ఉండవచ్చు. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లడానికి వీలుండదు.

రెండవది ‘ఇంజినీరు, మానవీయ శాస్త్రాల నిపుణులు, అంతర్జాతీయ సేవలు’ అన్న పొడవైన పేరు గల నివాస అర్హత. సాఫ్ట్‌వేర్ నిపుణులు, మార్కెటింగ్ ఉద్యోగులు, ఎగుమతి దిగుమతుల వ్యవహారాలు చూసేవారు, అనువాదకులు, దుబాసీలు దీని కిందికి వస్తారు. చేయబోయే పనికి సంబంధించిన డిగ్రీ గానీ, నిర్దేశించిన అనుభవం గానీ ఉండాలి. అదే పని చేసే జపనీయుడికి ఇచ్చే వేతనానికి తగ్గకుండా చెల్లించాలన్న నిబంధన ఉంది. భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లే వీలూ ఉంటుంది.

అంతర్జాతీయ వాణిజ్య జీవితాన్ని కోరుకునేవారి మార్గం ఈ రెండవది. ఇక్కడ ఎన్4తో పని జరగదు. ఇంగ్లిషుతోనే నడిచే కొన్ని సాంకేతిక కొలువులను మినహాయిస్తే, చాలా సంస్థలు ఎన్2 గానీ అంతకు మించిన స్థాయిని గానీ కోరుతాయి. మొదటి మార్గం తక్కువదేమీ కాదు. లెక్కలేనన్ని కుటుంబాలకు అది గౌరవప్రదమైన ఆదాయం. కానీ ఎంబీఏ చేసి వాణిజ్య సంస్థలో చేరాలనుకున్న వ్యక్తి ఎన్4తో బయలుదేరి మరో పనిలో చేరితే, ఆ ఐదేళ్లు అతడు కోరుకున్న వృత్తిలో అనుభవంగా లెక్కకు రావు.

పరీక్ష చెప్పేది, చెప్పనిది

జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష 1984లో మొదలైంది. 2010 నుంచి దీనిలో ఐదు స్థాయులున్నాయి. ఎన్5 అన్నిటికన్నా సులభం, ఎన్1 అన్నిటికన్నా కఠినం. పరీక్ష జూలై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. మొత్తం 180 మార్కులకు ఎన్2లో 90, ఎన్1లో 100 రావాలి. దానితో పాటు ప్రతి విభాగంలోనూ కనీస మార్కులు తెచ్చుకోవాలి.

ఇక్కడ అభ్యర్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ పరీక్షలో పదజాలం, వ్యాకరణం, పఠనం, శ్రవణం ఉంటాయి. మాట్లాడే విభాగం గానీ, సొంతంగా రాసే విభాగం గానీ లేవు. సరైన జవాబును గుర్తించడమే పరీక్ష. అంటే నోరు విప్పి ఒక వాక్యం చెప్పకుండానే, ఒక లేఖ రాయకుండానే ఎన్1 సాధించవచ్చు. ఉద్యోగపు ముఖాముఖిలో మాత్రం ఆ రెండే ముందుగా బయటపడతాయి. దరఖాస్తుల వడపోతలో ధ్రువపత్రం సాయపడుతుంది. ముఖాముఖిలో దాని ప్రభావం అంతంతమాత్రమే. అందుకే కొన్ని సంస్థలు 800 మార్కులకు జరిగే వాణిజ్య జపనీస్ పరీక్ష ఫలితాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటాయి.

తెలుగువారికి కలిసివచ్చే అంశాలు

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే తెలుగు మాతృభాషగా గలవారికి జపనీస్ వాక్యం పరాయిగా తోచదు. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత చేరుతుంది. ‘కినో కత్త హోన్’ అన్న మాటలను వరుసగా తెలుగు చేస్తే ‘నిన్న కొన్న పుస్తకం’ అవుతుంది. ‘అషిత కురు తో ఇత్త’ అంటే ‘రేపు వస్తాను అని చెప్పాడు’. మన ‘అని’ ఉన్న చోటే వారి ‘తో’ ఉంది. ఈ రెండు వాక్యాలను ఇంగ్లిషులోకి మార్చాలంటే పదాల వరుసను మార్చవలసి వస్తుంది.

ఉచ్చారణలోనూ ఇలాంటి సౌలభ్యమే ఉంది. పలు–పాలు, గడి–గడ్డి వంటి జంటల్లో హ్రస్వ దీర్ఘాలకు, ద్విత్వానికి మన చెవి చిన్ననాడే అలవాటు పడింది. జపనీస్‌లో ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. ఈ తేడాను పట్టుకోవడానికి తెలుగు విద్యార్థి ప్రత్యేకంగా శ్రమించనక్కరలేదు. ఈ పోలికలు చూసి రెండు భాషలూ ఒకే కుటుంబానికి చెందినవని అనుకోకూడదు. నిర్మాణంలో సామ్యం వేరు, చుట్టరికం వేరు.

అసలు శ్రమ లిపిలో ఉంది. హిరగానా, కతకానా అనే రెండు అక్షరమాలలతో పాటు, నిత్యవ్యవహారానికి ప్రామాణికంగా నిర్ణయించిన చీనా మూలపు లిపి చిహ్నాలే 2,136 ఉన్నాయి. కొన్ని నెలల్లో కార్యాలయ స్థాయి జపనీస్ నేర్పిస్తామన్న హామీని ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

కార్యాలయంలో ఎదురయ్యే భాష

జపనీస్‌లో మర్యాద కోసం వాడే భాషను ‘కేగో’ అంటారు. ఇందులో ఎదుటివారిని గౌరవించే రూపాలు, తనను తగ్గించుకునే రూపాలు, సాధారణ మర్యాద రూపాలు ఉన్నాయి. తెలుగువారికి ఇదీ కొత్త భావన కాదు. పెద్దలు ‘సెలవిస్తారు’, మనం ‘మనవి చేసుకుంటాం’, రెండూ చెప్పడమే. జపనీస్‌లో మొదటిదానికి ‘ఒస్షరు’, రెండవదానికి ‘మోసు’ వాడతారు. మనకు ఆ మాటలు నేడు ఎక్కువగా ఆహ్వాన పత్రికలకు, పాత నాటకాలకు పరిమితమయ్యాయి. జపాన్‌లో అవి రోజూ టెలిఫోనులో వినిపిస్తాయి.

తేడా వచ్చేది వాటిని ఎవరి పట్ల ఉపయోగించాలన్న దగ్గర. బయటి సంస్థ నుంచి ఒకరు ఫోను చేసి మేనేజరును అడిగారనుకుందాం. ‘మా మేనేజరుగారు బయటకు వెళ్లారండి’ అని తెలుగు ఉద్యోగి సహజంగానే అంటాడు. జపనీస్‌లో అదే సందర్భంలో పేరు చివరి ‘సన్’ తీసివేసి, పై అధికారి గురించి కూడా తగ్గింపు రూపంలోనే చెప్పాలి. బయటివారితో మాట్లాడుతున్నప్పుడు తన సంస్థలోని వారంతా ‘మనవాళ్లు’. మనవాళ్లను మనమే గౌరవించి చెప్పడం ఎదుటివారి పట్ల అమర్యాద. అధికారి పట్ల భక్తితో చేసిన పొరపాటే ఖాతాదారు దృష్టిలో లోపంగా కనిపిస్తుంది.

ఇంతకన్నా ఖరీదైన పొరపాట్లు అర్థం దగ్గర జరుగుతాయి. సమావేశం చివర ‘కెంతో షిమసు’ అన్న మాట వినిపిస్తే నిఘంటువు ప్రకారం ‘పరిశీలిస్తాం’ అని అర్థం. చాలా సందర్భాల్లో అది నొప్పించకుండా చెప్పిన ‘వద్దు’. పెళ్లి సంబంధం విషయంలో అవతలివారు ‘చూద్దాం లెండి’ అంటే మనం మళ్లీ కబురు కోసం ఎదురుచూడం కదా! అలాగే వింటున్నప్పుడు మధ్యమధ్య వచ్చే ‘హై’ అంగీకారం కాకపోవచ్చు. ‘వింటున్నాను’ అన్న ఊకొట్టడం కావచ్చు. ఈ మాటలను అక్షరాలా అనువదించిన దుబాసీని నమ్మి, కుదరని ఒప్పందం కోసం సంస్థ నెలల తరబడి వేచి ఉండే పరిస్థితి రావచ్చు. అంతర్జాతీయ వాణిజ్యంలో భాష తెలిసిన ఉద్యోగికి జీతం ఇచ్చేది ప్రధానంగా ఈ తేడా చెప్పగలిగినందుకే.

భాషకు ప్రభుత్వాలు కట్టిన విలువ

అత్యున్నత నైపుణ్యం గల విదేశీయుల కోసం జపాన్ పాయింట్ల విధానాన్ని అమలు చేస్తోంది. అర్హతకు 70 పాయింట్లు కావాలి. వాటిలో ఎన్1కు 15, ఎన్2కు 10 ఇస్తారు. మిగిలినవి విద్యార్హత, అనుభవం, వేతనం, వయస్సు వంటి వాటి నుంచి రావాలి. 70 పాయింట్లు గలవారు మూడేళ్లకు, 80 గలవారు ఏడాదికే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

జర్మనీలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. అక్కడ 2024 జూన్‌లో ప్రారంభమైన ‘అవకాశ కార్డు’ పాయింట్లలో జర్మన్ స్థాయికి వాటా ఉంది. ఐరోపా బ్లూ కార్డు గలవారు సాధారణంగా 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులైతే, బీ1 స్థాయి జర్మన్ వచ్చినవారికి 21 నెలలు చాలు. రెండు దేశాలూ భాషకు విలువ ఇస్తున్నాయి. కానీ ఏ దేశమూ ఒక్క భాషతోనే లెక్క పూర్తి చేయడం లేదు. జపాన్ లెక్కలో అత్యున్నత భాషాస్థాయి వాటా 70లో 15 మాత్రమే.

కాబట్టి భాషను ఒక వృత్తికి జత చేసుకోవడం ముఖ్యం. అకౌంట్లు, సరకు రవాణా, నాణ్యత నియంత్రణ, ఔషధ రంగపు నిబంధనలు, సాఫ్ట్‌వేర్ వంటి వాటిలో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. భారతీయ సాఫ్ట్‌వేర్ బృందానికి, జపాన్ ఖాతాదారుకు నడుమ పనిచేసేవారిని ‘బ్రిడ్జి ఇంజినీరు’ అంటారు. కోడు తెలియని అనువాదకుడు గానీ, జపనీస్ తెలియని ప్రోగ్రామరు గానీ ఆ పని చేయలేరు.

తొలి మెట్టు స్వదేశంలోనే

విదేశీ వృత్తి జీవితం విమానం ఎక్కడంతోనే మొదలు కావాలన్న నియమం లేదు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో వంటి జపాన్ సంస్థలకు కర్మాగారాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల సమన్వయం, కొనుగోళ్లు, నాణ్యత విభాగాల్లో జపనీస్ తెలిసినవారికి పని ఉంటుంది. విదేశంలోని అనుబంధ సంస్థలో కనీసం ఏడాది పనిచేసిన ఉద్యోగిని జపాన్‌లోని కార్యాలయానికి బదిలీ చేసేందుకు ప్రత్యేక నివాస అర్హత కూడా ఉంది. అప్పు చేయకుండా, జీతం తీసుకుంటూ భాషకు పదును పెట్టుకోగల మార్గం ఇది.

క్రమబద్ధమైన చదువు కోరేవారికి హైదరాబాద్‌లోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, శాంతినికేతన్‌లోని విశ్వభారతి జపనీస్ కోర్సులు నిర్వహిస్తున్నాయి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ ఉపకార వేతనాలకు రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు

విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసి పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి. ఆ నమోదు వివరాలను కేంద్ర విదేశాంగ శాఖకు చెందిన ఈ–మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. సేవా రుసుము గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. శిక్షణ రుసుమును ఇందులో కలపకుండా విడిగా రాయించుకోవాలి. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ కూడా విదేశీ నియామకాలు చేపడుతోంది.

విద్యార్థి వీసాపై జపాన్‌లోని భాషా పాఠశాలకు పంపి, ‘అక్కడ పని చేసుకుంటూ అప్పు తీర్చవచ్చు’ అని చెప్పేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అనుమతి తీసుకున్న విద్యార్థి కూడా చదువు సాగుతున్న కాలంలో వారానికి 28 గంటలకు మించి పనిచేయరాదు. ఆ పరిమితి దాటితే వీసా పొడిగింపుకే ముప్పు. ఉద్యోగం ఖాయమైందని చెబితే, జపాన్‌లోని యజమాని పేరు, చేయవలసిన పని, నివాస అర్హత రకం, వేతనం కాగితం మీద చూపమని అడగాలి. సాధారణంగా యజమాని అక్కడి వలసల విభాగం నుంచి అర్హత ధ్రువపత్రం తెప్పించిన తరువాతనే ఇక్కడ వీసాకు దరఖాస్తు చేస్తారు. ఆ పత్రం ప్రస్తావన లేకుండా వీసా తేదీ చెప్పేవారిని నమ్మనవసరం లేదు.

శిక్షణలో చేరేవారు ‘ఎన్ని నెలల్లో ఎన్2 వస్తుంది?’ అని అడగడం సహజమే. దానికి ముందు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ భాష వచ్చాక, ఆ భాషలో నేను చేయగల పని ఏది? దానికి స్పష్టమైన జవాబు ఉన్నవారికి ఎన్2 కోసం వెచ్చించిన ప్రతి గంటా అక్కరకు వస్తుంది.