గ్రంథపాలకుని నియామకము

సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట మన పేటలో ఏ సందున నడచినను రెండు చప్పుడులు వినబడును. ఒకటి కార్ఖానాలలోని మరమగ్గముల మ్రోత. రెండవది ఇంటి గడపలో కూర్చుండి బీడీలు చుట్టు తల్లుల కత్తెరల చప్పుడు. చాల ఇండ్లకు గది యొక్కటే. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే ఆకుల మూట, ఆ గదిలోనే రాత్రిపాళీ ముగించి వచ్చినవారి నిద్ర. ఇట్టి చోట చదువుకొను పిల్లలకు వాచనాలయమే దిక్కు. కావున దాని తలుపు ఏ వేళ తెఱచియుండును, లోపల కూర్చుండువారెవరు అనునది మనకు చిన్న విషయము కాదు.

తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మొన్న నన్నడిగినది: "సార్, వాచనాలయంల పుస్తకాలిచ్చే ఆయన మానేసిండట. కొత్తోళ్ళ కోసం ప్రకటన వేస్తరట. తాళం తీసి వేసేదానికి ఇంత ఎందుకు సార్?" అంతలో గంట మ్రోగినది. ఆ ప్రశ్నకు నేనీయవలసిన సమాధానము ఇక్కడ వ్రాయుచున్నాను. ఆమె తలిదండ్రులు కూడ చదువుదురని నా ఆశ.

మరాఠీలో గ్రంథపాల్ అనియు, ఆంధ్రదేశమున గ్రంథాలయాధికారి లేక గ్రంథపాలకుడనియు పిలువబడు ఈ ఉద్యోగి చేతిలో తాళపుచెవి యుండుట నిజమే. కాని క్రొత్త పుస్తకము వచ్చిన దినమున అతడు దానిని దాఖలు పుస్తకములో వరుససంఖ్యతో వ్రాయవలెను; విషయమునుబట్టి వర్గసంఖ్య నిచ్చి, వీపున చీటి నంటించి, పట్టికలో రచయిత పేరును గ్రంథనామమును చేర్చి, తగిన అరలో నిలుపవలెను. ఇందులో ఏ మెట్టు తప్పినను పుస్తకము గదిలోనే యుండి కనబడక పోవును. ఇంట సూది పోయినచో వెదకి తీయవచ్చునుగాని, తప్పు అరలో పెట్టిన పుస్తకమును వెదకుట అంతకంటె కష్టము.

మన పేటవంటి చోట ఇందొక చిక్కు కలదు. మన పాఠశాల హాజరుపట్టీ చూడుడు. అందు మొదట పిల్లవాని పేరు, పిదప తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఇది మహారాష్ట్రపు వరుస. తెలుగుదేశమున ఇంటిపేరు ముందుండును. మరాఠీ పద్ధతి మాత్రమే నేర్చిన గ్రంథపాలకుడు విశ్వనాథ సత్యనారాయణగారి గ్రంథము చేతికి రాగానే కడపటి మాటయే ఇంటిపేరని తలచి, దానిని 'స' క్రింద చేర్చును. గురజాడ అప్పారావుగారు 'అ' లోనికి పోవుదురు. తెలుగువాడు వచ్చి 'వి' లోను 'గు' లోను వెదకి, లేదనుకొని తిరిగి పోవును.

లిపివలన కలుగు చిక్కు మరియొకటి. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. మరాఠీ వ్రాతలో ఈ హ్రస్వములకు వేరు గుర్తులు వాడరు. మెడయు మేడయు, కొనయు కోనయు దేవనాగరిలో ఒకే రూపమున నిలుచును. ఒక వాచనాలయమున తెలుగు గ్రంథముల పట్టికను దేవనాగరిలో వ్రాసియుంచగా నేను చూచితిని. అందు సగము పేర్లను నేనే పోల్చుకొనజాలకపోతిని. వ్రాసినవాని తప్పేమియు లేదు. తెలిసినంత శ్రద్ధగానే వ్రాసినాడు. అతనికి తెలుగక్షరములు రావు, అంతే. పట్టికలో దొరకని పుస్తకమును ఎవరును కోరరు. ఎవరును కోరని పుస్తకములకు అర దండుగ యని కొన్నాళ్ళకు కార్యకారిమండలికి తోచును. పిదప ఆ బీరువా ఖాళీ యగును.

ఉద్యోగి ఎట్టివాడై యుండవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. బడోదా సంస్థానాధిపతి మూడవ సయాజీరావు గాయక్వాడు తన రాజ్యమంతట గ్రంథాలయములు నెలకొల్పదలచి, 1910లో అమెరికానుండి విలియం ఆలన్సన్ బోర్డెన్ అనువానిని గ్రంథాలయశాఖాధికారిగా పిలిపించెను. బోర్డెన్ తన విద్యలో ఆరితేరినవాడు. గుజరాతీ, మరాఠీ అతని భాషలు కావు. అతడు బడోదాలో నున్నది మూడేండ్లే, 1913 వరకు. కాని ఆ కొద్ది కాలములో స్థానికులకు శిక్షణ తరగతి నడపెను. పల్లెలకు పెట్టెలలో పుస్తకములు పంపు సంచార గ్రంథాలయముల ఏర్పాటు అచ్చట సాగినది. పరదేశి వెడలిపోయినను ఊరివారి చేతిలో పని మిగిలినది.

మద్రాసు విశ్వవిద్యాలయము చేసినది దీనికి సరిగా తలక్రిందులు. 1924లో వారు తమ మొదటి గ్రంథపాలకునిగా ఎన్నుకొన్నది గణితోపన్యాసకుడగు ఎస్. ఆర్. రంగనాథన్ గారిని. అప్పుడాయనకు గ్రంథాలయశాస్త్రమున శిక్షణ ఏమియు లేదు. పరీక్షకు పోవుటకు ముందు విజ్ఞానసర్వస్వములో గ్రంథాలయములనుగూర్చిన వ్యాసమొకటి చదివి పోయినారట! ఉద్యోగములో చేరిన కొన్ని వారములకే, మనుష్యసంచారము లేని ఆ గదిలో కూర్చుండలేక, నన్ను మరల పాఠములు చెప్పుకొననిండని మొఱపెట్టుకొనిరి. అధికారులు ఆయనను విడువలేదు. లండనుకు పంపి శిక్షణ ఇప్పింతుము, తిరిగి వచ్చిన పిమ్మటను ఇష్టము లేనిచో గణితమునకు పోవచ్చునని ఒడంబడిక చేసికొనిరి. ఆయన లండనులో చదివి, అచ్చటి గ్రంథాలయములు తిరిగి చూచి, 1925లో మరలి వచ్చి, మరి గణితము మాట యెత్తలేదు. 1931లో ప్రకటించిన ఆయన పంచసూత్రములను నేడు ప్రపంచమంతట గ్రంథాలయ విద్యార్థులు చదువుచున్నారు. ప్రతి పాఠకునికి అతనికి తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు దానికి తగిన పాఠకుడు దొరకవలెనను భావము వానిలోనిదే.

ఇక మన ఊరి సంగతి. 1877లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసిన పిమ్మట తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు తరతరములుగా వచ్చి చేరినవి. మన బంధువులు కరీంనగరములోనో నల్లగొండలోనో ఉందురు కావున, అచ్చటి పద్ధతియే ఇచ్చటను ఉండునని మనవారనుకొందురు. అది పొరపాటు. ఆ ప్రాంతమున 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టము, పిదప 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినవి. ఇంటిపన్నుతో గ్రంథాలయపు సెస్సు వసూలగును. జిల్లా గ్రంథాలయ సంస్థ దానితో శాఖలు నడపును. మహారాష్ట్రమున 1967 నాటి చట్టము వేరు దారి పట్టినది. ఇచ్చట సెస్సు లేదు. ఊరివారు సంఘముగా ఏర్పడి వాచనాలయము నడుపుదురు. ప్రభుత్వము దానిని అ, బ, క, డ వర్గములలో నొకదానిలో చేర్చి అనుదానమిచ్చును. జిల్లా గ్రంథాలయాధికారి కార్యాలయము లెక్కలు తనిఖీ చేయును. ఇట్టి వాచనాలయములు రాష్ట్రమున పదివేలకు పైగా కలవు.

దీనినిబట్టి తేలునదేమి? ఇట్టి వాచనాలయపు గ్రంథపాలకుని నియమించునది ముంబయిలోని అధికారి కాడు, ఆ సంఘపు కార్యకారిమండలి. ఆ మండలి నెన్నుకొనువారు సభ్యులు. చందా కట్టి సభ్యుడైన చేనేత కార్మికుడు వార్షిక సాధారణసభలో లేచి, క్రొత్తగా వచ్చువారికి తెలుగు చదువ వచ్చునా యని అడుగవచ్చును. ఈ మాట మనవారిలో పలువురికి తెలియదు. చందా కట్టుదురు, సభకు పోరు.

శిక్షణ పొంది తెలుగు రాని అభ్యర్థి యొకరు, తెలుగు మరాఠీలు రెండును వచ్చి శిక్షణ లేని అభ్యర్థి యొకరు ఎదుట నిలిచినచో ఎవరిని తీసికొనవలెను? నేనైతే రెండవవారినే తీసికొని శిక్షణకు పంపుదును. వర్గీకరణము కొన్ని నెలల చదువు. భాష అట్లు కాదు. అయితే తెలుగు మాత్రమే వచ్చినను చాలదు. అనుదానపు పత్రములన్నియు మరాఠీలో నుండును. ప్రక్కసందు మరాఠీ, కన్నడ, ఉర్దూ పిల్లలును అదే బల్లయొద్ద కూర్చుందురు. వారిని పరాయివారుగా చూచువాడు మనవాడైనను వలదు.

జీతము మాట దాచరాదు. అనుదానములో నుండి ఇచ్చు జీతముతో ఇల్లు గడచుట దుర్లభము. అందుచేతనే యోగ్యులు వచ్చియు నిలువరు. సంఘము కొంత, పేటలోని కార్ఖానా యజమానులు కొంత చేర్చినచో ఒక మనిషి నిలుచును. దేవాలయపు ఉత్సవమునకు చందాలెత్తు మనకు ఇది చేతకాని పని కాదు.

అభ్యర్థిని పరీక్షించుటకు పెద్ద ప్రశ్నపత్ర మక్కరలేదు. ఎనిమిది తెలుగు పుస్తకములు, ఎనిమిది మరాఠీ పుస్తకములు కలిపి బల్లమీద పెట్టి, రచయితల ఇంటిపేర్ల వరుసలో పేర్చుమనవలెను. పిదప ఐదవ తరగతి బాలుని పిలిచి, వానికి నచ్చు పుస్తకమొకటి వెదకి ఇమ్మనవలెను. బాలునితో ఎట్లు మాటలాడునో గమనించిన చాలును. కడపట, రాత్రిపాళీవారికి ప్రొద్దుటను, బీడీలు అప్పగించి వచ్చు తల్లులకు మధ్యాహ్నమును తలుపు తెఱచుటకు సమ్మతమా యని అడుగవలెను.

సాధారణసభ తేదీని తెలుపు నోటీసు వాచనాలయపు గోడమీద మరాఠీలో అంటించుదురు. చదువలేని తల్లిదండ్రులకు మన పిల్లలు దానిని చదివి చెప్పవచ్చును.