మేతలోని నత్రజని ఎక్కడికి పోతుంది?

సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ ప్రాంతపు మెట్ట చేలకు వేసవిలో బండ్ల మీద పెంట తోలుతారు. చూపుకు బండ్లన్నీ ఒకటే. కాని పైరుకు దక్కే నత్రజని పశువు తిన్న మేతను బట్టి మారుతుంది.

మాంసకృత్తులలో నూటికి సుమారు 16 పాళ్లు నత్రజని. ఎండు జొన్నచొప్పలో మాంసకృత్తులు నూటికి 4 పాళ్లనుకుందాం. 10 కిలోల చొప్పతో పశువుకు 64 గ్రాముల నత్రజని చేరుతుంది. మాంసకృత్తులు 40 పాళ్లున్న పల్లిచెక్క ఒక్క కిలో పెడితే మళ్లీ అంత! పాలకూ కండకూ పోయేది అందులో కొద్ది భాగమే. అవసరానికి మించినది కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. అరగనిదీ, కడుపులోని సూక్ష్మజీవుల దేహాలలో చేరినదీ పేడతో వస్తాయి. పందులలోనూ అంతే: మేతలో పీచు పెరిగితే నత్రజని మూత్రం నుండి పెంటికకు మళ్లుతుంది.

పైరుకు ఈ రెండూ సమానం కావు. మూత్రంలోని యూరియా త్వరగా పైరుకు అందే రూపం పొందుతుంది. కాని కొట్టంలో ఊరికే ఎండితే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ముక్కును మండించే ఆ వాసన రైతు పోగొట్టుకొంటున్న ఎరువే. పేడలోని నత్రజని నెమ్మదిగా, ఏళ్ల తరబడి విడుదలవుతుంది. తినగా మిగిలిన చొప్ప చివకకముందే పేడతో కలిసి చేనికి పోతే, సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కూడ లాగుకొంటాయి. లేత జొన్న పసుపుబారుతుంది.

చెక్క కొని పెట్టే రైతు కొట్టంలో ఎండుగడ్డి పరచి, మూత్రంతో తడిసినదానిని రోజూ గుంటలో వేసి మన్ను కప్పితే, చెక్కకు పెట్టిన డబ్బులో కొంతైనా జొన్నచేనికి చేరుతుంది.