చింత వేరు, చింతన వేరు

శరీరానికి జ్వరం వచ్చినప్పుడు మనిషి సిగ్గుపడడు. ఇంటివారికి చెబుతాడు, వైద్యుని వద్దకు వెళతాడు, రెండు పూటలు పథ్యం ఉంటాడు. మనస్సుకు నలత కలిగినప్పుడు మాత్రం దానిని దాచుకొనటమే మర్యాద అనే అభిప్రాయం మన సంఘంలో బలంగా పాతుకొని ఉన్నది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మెట్ట పల్లెల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థికి ఈ మర్యాద మరింత బరువైనది. ఇంటి వద్ద మిరపకో, పత్తికో పెట్టిన పెట్టుబడి తిరిగిరాని సంవత్సరం అది కావచ్చును. అట్టి సమయంలో తండ్రి ఎదుట తన దిగులు విప్పటం ఆయన నెత్తిన మరొక బస్తా పెట్టటమే అని అతడు తలుస్తాడు, మౌనం వహిస్తాడు. పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు ఆ మౌనం ఎంతటి అనర్థానికి దారితీయగలదో వార్తాపత్రికలు చదివేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వ నేర గణాంకాల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో తమ ప్రాణం తామే తీసుకొన్న విద్యార్థులు 13,044 మంది. కనుక ఆత్మపరిశీలన అనే విషయం వేదాంతులకు వదలివేసి ఊరుకొనదగినది కాదు.

అయితే ఆత్మపరిశీలన అనగానే చాలామంది చేసే పని వేరొకటి. రాత్రి పడుకొని పైకప్పు చూస్తూ, జరిగినదానినే పదిసార్లు తలచుకొని, 'నాకే ఎందుకు ఇట్లా జరిగినది?' అని కుమిలిపోవటాన్ని వారు ఆలోచన అనుకొంటారు. అది చింత, చింతన కాదు. రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినవే అయినా వాటి నడక వేరు. నల్లరేగడి నేలలో వాన వెలిసిన తరువాత నడిచిన బండి లోతైన గాడి వేస్తుంది. నేల ఎండిన పిమ్మట వచ్చే ప్రతి బండి చక్రమూ ఆ గాడిలోనే పడుతుంది. తోలేవాడు దిగి, భుజం పెట్టి నెట్టితే తప్ప ప్రక్కకు రాదు. చింత ఆ గాడి. కొత్త ఆలోచన అంటే ఎవరికీ తోచని అద్భుతమేదో కనిపెట్టటం కాదు, చక్రాన్ని ఒక జానెడు ప్రక్కకు తప్పించటం.

ఈ భేదానికి శాస్త్ర ప్రమాణం కూడా లభించినది. 1989 అక్టోబరు 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం సంభవించినది. దానికి సుమారు రెండు వారాల ముందే సూసన్ నోలెన్ హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులను, మనస్సు బాగాలేనప్పుడు వారేమి చేస్తారో ప్రశ్నలడిగి వ్రాసుకొని ఉన్నారు. భూకంపం తరువాత మళ్ళీ అడిగి చూడగా, దిగులు కలిగినప్పుడు ఆ దిగులునే నెమరువేసే అలవాటు ముందునుండీ ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించినవి. ఆపద అందరికీ ఒక్కటే. నెమరువేసే అలవాటే కొందరిని ఎక్కువగా కుంగదీసినది.

మరి సక్రమమైన ఆత్మపరిశీలన ఎట్లా ఉంటుంది? ఉర్దూ చదువుకొన్న మన సోదరులకు 'ముహాసబా' అనే మాట కొత్త కాదు. తెలుగు పల్లెలలో సైతం వినిపించే 'హిసాబు' అన్న మాటకూ దీనికీ మూలం ఒక్కటే. తనకు తాను లెక్క అప్పగించుకొనటం అని దాని అర్థం. ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' అనే నలభై భాగాల మహాగ్రంథంలో ముప్పది ఎనిమిదవ భాగాన్ని ఈ విషయానికే కేటాయించినాడు. మనస్సును ఆయన వ్యాపారంలో భాగస్వామితో పోల్చినాడు. ప్రాతఃకాలాన ఆ భాగస్వామితో షరతులు మాట్లాడుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, సాయంకాలం కూర్చుండి అసలు ఎంత, లాభం ఎంత, నష్టం ఎంత అని లెక్క చూడాలి. వర్తకానికి పేరుపడిన జగ్గయ్యపేట వంటి ఊరిలో ఈ పోలికను వివరించి చెప్పవలసిన అవసరం లేదు.

గజాలీ ఈ మాటలు సుఖాసనం మీద కూర్చుండి వ్రాసినవాడు కాడు. బాగ్దాదులోని నిజామియా విద్యాపీఠంలో మహాపండితుడుగా వెలుగుతున్న కాలంలో, 1095లో, ఆయన నోట మాట రాక పాఠం చెప్పలేకపోయినాడు. అన్నం సహించలేదు. ఇది శరీరానికి వచ్చిన వ్యాధి కాదు, హృదయంలో పుట్టి దేహానికి ప్రాకినది అని వైద్యులు తేల్చినట్లు ఆయనే స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. అంతటివాడు దాచుకొనలేదన్నది గమనించదగిన విషయం.

ఇక ఆ లెక్కల పుస్తకం సంగతి. వర్తకుడు చిట్టాలో ఎన్ని బస్తాలు వచ్చినవి, ఏ ధరకు పోయినవి, ఎవరి నుండి ఎంత రావలసి ఉన్నది అని వ్రాస్తాడు. 'నేను పనికిరాని వ్యాపారిని' అని చిట్టాలో వ్రాసిన వర్తకుడు లేడు. అది లెక్క కాదు గనుక. భౌతికశాస్త్రంలో తప్పిన విద్యార్థి మాత్రం తన మనస్సు పుటలో మొట్టమొదట వ్రాసేది ఆ వాక్యమే. జరిగిన సంగతి ఏమి? ఒక పత్రంలో ఇన్ని మార్కులు తక్కువ వచ్చినవి. మిగిలిన పత్రాలలో వచ్చినవి. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. ఇవి లెక్కలు. 'నా బ్రతుకు ఇంతే' అన్నది అభిప్రాయం. 1960 ప్రాంతంలో ఫిలడెల్ఫియా నగరంలో ఏరన్ బెక్ అనే వైద్యుడు, కుంగిపోయిన రోగుల మనస్సులో ఇట్టి అభిప్రాయాలు అడగకుండానే మెదలుతూ, సత్యాలవలె చెలామణి అవుతున్నవని గుర్తించి, వాటిని సాక్ష్యంతో పరీక్షించే చికిత్సా విధానాన్ని రూపొందించినాడు. ఈనాడు లోకమంతటా వాడుకలో ఉన్న పద్ధతి అది.

ఇక్కడ ఒక మాట. గజాలీ చెప్పిన మెట్లలో తన్ను తాను దండించుకొనటం, నిందించుకొనటం కూడ ఉన్నవి. సోమరితనంతో నిద్రపోయే మనస్సును లేపటానికి అవి మందు. ఇప్పటికే రేయింబవళ్ళు తన్ను తాను తిట్టుకొంటున్న విద్యార్థికి ఆ మందు అక్కరలేదని నా అభిప్రాయం. అట్టివాడు లాభం పద్దులో ఏముందో మొదట చదువుకొనటం మంచిది.

పోలికల వలన కలిగే బాధ మరొకటి. దీనికి మన ఊరి రాయి ఒకటి సాక్ష్యం చెబుతుంది. జగ్గయ్యపేట సమీపాన ధనబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించిన బౌద్ధస్తూపంలో ఒక చలువరాతి ఫలకం బయటపడినది. ఒక చక్రవర్తి చేయి ఎత్తి నిలబడగా, మేఘాల నుండి చతురస్రపు నాణేలు వర్షిస్తుంటవి. అతడు మాంధాత అని పండితులు పోల్చినారు. జాతక కథ ప్రకారం మాంధాత చప్పట్లు చరిస్తే రత్నాలు మోకాలి లోతున కురిసేవి. తృప్తి కలుగలేదు. స్వర్గానికి పోయినాడు, ఇంద్రుడు అర్ధసింహాసనం ఇచ్చినాడు. మిగిలిన సగం మీదికి అతని చూపు పోయినది. ఆ క్షణం నుండి ముదిమి పైబడి, జారి భూమిపై పడినాడు. నూటికి తొంబది మార్కులు తెచ్చుకొని, ప్రక్కవాడి తొంబదిరెండును చూచి అన్నం మానిన పిల్లవానికి ఈ రాయిని ఒకసారి చూపించవలసి ఉన్నది!

చింతను చింతనగా మార్చుకొనటానికి కాగితం మంచి సాధనం. మనస్సులో గిరగిర తిరిగే మాట కాగితం మీదికి రాగానే, దానికి మొదలూ చివరా కనిపిస్తవి. అమెరికాలో జేమ్స్ పెన్నబేకర్ అనే ఆచార్యుడు 1986లో ప్రకటించిన పరిశోధనలో, కొందరు విద్యార్థులు వరుసగా నాలుగు దినాలు, దినానికి 15 నిమిషాలు, తమను బాధించిన సంఘటనను గురించి దాపరికం లేకుండా వ్రాసినారు. వ్రాసిన నాడు వారి మనస్సు మరింత బరువెక్కినది. తరువాతి నెలలలో మాత్రం, సామాన్య విషయాలు వ్రాసిన వారి కంటె, వైద్యశాలకు వెళ్ళవలసిన అవసరం వారికి తగ్గినది. అక్షరదోషాలు చూచుకోనక్కరలేదు, ఎవరికీ చూపనక్కరలేదు. తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంటిలో ఏ భాషలో ఏడుస్తామో ఆ భాషలో వ్రాయటం సహజంగా ఉంటుంది. వ్రాసిన తరువాత, ఇదే సంగతి స్నేహితునికి జరిగి ఉంటే అతనికి ఏమి చెప్పి ఉండేవాడనో క్రింద రెండు వాక్యాలు వ్రాసుకొనవచ్చును. మనం స్నేహితునికి చెప్పే మాటలో ఉండే దయ, మనకు మనం చెప్పుకొనే మాటలో సాధారణంగా ఉండదు.

దీనికి హద్దు ఉన్నది. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, చనిపోవాలన్న తలంపు ఒక్కసారి మెదలినా, అది పుస్తకంలో వ్రాసుకొని ఊరుకొనే విషయం కాదు. తల్లికో, గురువుకో, నమ్మిన స్నేహితునికో ఆ మాట ఆ పూటనే చెప్పాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్' సేవకు 14416 నంబరు మీద రాత్రింబవళ్ళు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును. శిక్షణ పొందినవారు తెలుగులోనే మాట్లాడతారు.