ఆస్టిన్ సిటీ ఆస్టిన్ కౌంటీలో లేదు.. హ్యూస్టన్‌దీ అదే కథ! టెక్సాస్‌లో 254 కౌంటీలు ఎలా పుట్టాయి? ఆ పేర్లు ఎవరివి?

టెక్సాస్‌లో ఉండే తెలుగువాళ్లకు ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఈ టెన్షన్ మామూలే. ఫోన్ ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది. టోర్నడో వార్నింగ్! టీవీ పెడితే కింద స్క్రోలింగ్‌లో పేర్లు పరుగెడుతుంటాయి.. కాలిన్, డెంటన్, టారంట్, రాక్‌వాల్. అవి ఊళ్ల పేర్లు కాదు, కౌంటీల పేర్లు. పిల్లల దగ్గరికి కొత్తగా వెళ్లిన అమ్మానాన్నలకు ఇక్కడే తికమక. మనది ఫ్రిస్కో కదా, కాలిన్ అంటే మనకా, పక్కవాళ్లకా? పైగా ఫ్రిస్కోతో ఇంకో చిక్కు ఉంది. ఆ ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. అంటే ఏ వీధిలో ఇల్లుందో దాన్ని బట్టి కౌంటీ మారిపోతుంది.

వార్నింగ్ ఒక్కటే కాదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంటి మీద వేసే ప్రాపర్టీ ట్యాక్స్ గట్టిగానే ఉంటుంది. ఆ లెక్కలన్నీ నడిచేది కౌంటీ స్థాయిలో. ఇల్లు కొంటే డీడ్ రికార్డయ్యేది కౌంటీ క్లర్క్ ఆఫీసులో. పెళ్లి లైసెన్స్ ఇచ్చేదీ అక్కడే. సిటిజన్‌షిప్ వచ్చాక జ్యూరీ డ్యూటీకి పిలుపు వచ్చినా కౌంటీ కోర్టు మెట్లెక్కాల్సిందే.

అసలు కౌంటీ అంటే ఏంటి?

మన జిల్లా లాంటిదే అనుకోవచ్చు కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర కలెక్టర్‌ని, ఎస్పీని ప్రభుత్వం పోస్టింగ్ ఇచ్చి పంపిస్తుంది. టెక్సాస్ కౌంటీలో షెరీఫ్, కౌంటీ క్లర్క్, ట్యాక్స్ అధికారి.. అందరినీ జనమే ఓటేసి ఎన్నుకుంటారు. పైన కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉంటారు. వాళ్లు కూర్చునే సభను కమిషనర్స్ కోర్ట్ అంటారు. పేరులో కోర్టు ఉన్నా అక్కడ ఎక్కువగా నడిచేది బడ్జెట్, రోడ్లు, పన్నుల వ్యవహారం.

ఇంకో తేడా కూడా ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ఒక్క రోజులో 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. టెక్సాస్‌లో మాత్రం చివరి కౌంటీ కెనెడీ పుట్టింది 1921లో. ఆ తర్వాత కొత్తది రాలేదు. అన్నట్టు ఈ కెనెడీకి, అమెరికా ప్రెసిడెంట్ కెన్నెడీకి ఏ సంబంధమూ లేదు. మిఫ్లిన్ కెనెడీ అనే పశువుల రాంచ్ యజమాని పేరది.

మొదట్లో ఉన్నవి 23 మాత్రమే

1836 వరకు టెక్సాస్ మెక్సికోలో భాగం. అప్పుడు అక్కడ మున్సిపాలిటీలు ఉండేవి. మన మున్సిపాలిటీల్లా ఒక్క ఊరికే పరిమితం కాదు, చుట్టుపక్కల వందల మైళ్ల భూమి కూడా వాటి కిందికే వచ్చేది. 1836లో టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయి సొంత దేశంగా ప్రకటించుకుంది. అప్పటికి ఉన్న 23 మున్సిపాలిటీలనే కౌంటీలు అన్నారు. బోర్డు మారింది, అంతే.

అందుకే పాత పేర్లలో స్పానిష్ వాసన పోలేదు. శాన్ ఆంటోనియో ఉన్న బేర్ కౌంటీనే చూడండి. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు మధ్యలో ఎక్స్ ఉంటుంది కానీ పలికేటప్పుడు దాన్ని మింగేస్తారు. అక్షరాలు చూసి "బెక్సార్" అన్నారో, కొత్తవాళ్లని వెంటనే పట్టేస్తారు. స్పెయిన్‌లోని బెహార్ అనే చోటి డ్యూక్ గౌరవార్థం 1718లో కట్టిన కోటకు పెట్టిన పేరది. ఒకప్పుడు ఈ బేర్ పడమర వైపు అంతులేకుండా పరుచుకుని ఉండేది. ఆ ఒక్క దాన్నే కోస్తూ పోయి తర్వాత వందకు పైగా కౌంటీలు చేశారు.

ఎందుకంత కోత? గుర్రాల కాలం కాబట్టి. భూమి రిజిస్టర్ చేయించాలన్నా, కేసు వేయాలన్నా, ఓటేయాలన్నా కోర్టుహౌస్‌కే వెళ్లాలి. మధ్యలో నది పొంగితే ఆ పని అక్కడితో ఆగిపోయేది. కోర్టుహౌస్ దూరంగా ఉన్న ప్రతి ఊరూ మాకు వేరే కౌంటీ కావాలని అడగడం మొదలుపెట్టింది. 1845 చివర్లో టెక్సాస్ అమెరికాలో కలిసింది. ఆ మరుసటి ఏడాదే కొత్త కౌంటీలు వరసగా వచ్చాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిన్, డెంటన్, డాలస్.. మూడూ 1846లో పుట్టినవే.

ఒకే మనిషి.. కౌంటీకి ముందు పేరు, ఊరికి ఇంటిపేరు!

ప్లానో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్.. ఈ ఊళ్ల పేర్లు మన దగ్గర కూడా చాలా ఇళ్లలో వినిపిస్తాయి. ఇవన్నీ ఉన్నది కాలిన్ కౌంటీలో. దాని ముఖ్య పట్టణం మెకిన్నీ. ఈ రెండు పేర్లూ ఒక్కడివే! ఆయన పేరు కాలిన్ మెకిన్నీ. 1766లో పుట్టాడు. టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన రాసే కమిటీలో ఐదుగురుంటే అందులో ఈయన ఒకడు. సంతకం చేసినవాళ్లందరిలో పెద్దవాడు కూడా ఈయనే, అప్పటికి దాదాపు 70 ఏళ్లు.

ఉత్తర టెక్సాస్ మ్యాప్ తెరిచి చూస్తే కౌంటీలు చదరంగం గళ్లలా కనిపిస్తాయి. గీతలు తిన్నగా ఉండాలి, ఒక్కో కౌంటీ దాదాపు 30 మైళ్ల చదరంలో ఉండాలి అన్నది ఈ మెకిన్నీ పట్టుదలే అని చెబుతారు. లెక్క సింపుల్. ఊరు మధ్యలో ఉంటే ఏ మూల నుంచైనా కోర్టుహౌస్ 21, 22 మైళ్లు దాటదు.

ఈ మధ్యలో ఉండాలన్న రూల్‌ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారంటే.. కాలిన్ కౌంటీకి మొదట బక్నర్ అనే ఊరిని కేంద్రంగా పెట్టారు. కౌంటీ నడిబొడ్డుకి మూడు మైళ్ల లోపల లేదని తేలింది. ఇంకేముంది, 1848లో కేంద్రాన్ని మెకిన్నీకి మార్చేశారు. కొన్ని మైళ్ల తేడాతో బక్నర్ కథ ముగిసింది. మెకిన్నీ ఇవాళ పెద్ద సిటీ. 2020 జనాభా లెక్కల్లో కాలిన్ కౌంటీ మొత్తం జనం 10 లక్షలు దాటారు.

డెంటన్, టారంట్.. రెండు పేర్ల వెనుక ఒకే దాడి

ఇది మాత్రం సరదా కథ కాదు. 1841 మే 24. ఇప్పటి ఆర్లింగ్టన్ దగ్గర విలేజ్ క్రీక్ అనే వాగు వెంట కాడో, చెరోకీ లాంటి స్థానిక తెగల ఊళ్లు వరుసగా ఉండేవి. జనరల్ ఎడ్వర్డ్ టారంట్ సుమారు 70 మందితో వాటి మీద దాడి చేశాడు. ఆ దాడిలో టెక్సాస్ వైపు చనిపోయింది ఒక్కడే. మెథడిస్ట్ బోధకుడిగా, లాయర్‌గా పనిచేసిన జాన్ డెంటన్.

చనిపోయిన డెంటన్ పేరు 1846లో ఒక కౌంటీకి పెట్టారు. దాడిని నడిపించిన టారంట్ పేరు 1849లో దాని పక్క కౌంటీకి వచ్చింది. ఫోర్ట్‌వర్త్, ఆర్లింగ్టన్ ఉన్నది అందులోనే. మరి ఆ వాగు వెంట బతికిన మనుషుల సంగతి? వాళ్లు అక్కడ మిగల్లేదు. ఆ ఊళ్లున్న చోటు కొంత ఇప్పుడు లేక్ ఆర్లింగ్టన్ నీళ్ల కింద ఉంది. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఆ కౌంటీల మీద లేదు.

మరి స్థానికుల పేరు ఎక్కడా లేదా అంటే, తూర్పు టెక్సాస్‌లో ఏంజెలీనా ఉంది. స్పానిష్ మిషనరీలకు సాయం చేసిన హసినాయ్ తెగ అమ్మాయికి వాళ్లు పెట్టిన పేరది. ముందు నదికి వచ్చింది, తర్వాత 1846లో కౌంటీకి వచ్చింది. 254 కౌంటీల్లో ఒక మహిళ పేరున్నది ఇదొక్కటే. అది కూడా ఆమె సొంత భాషలోని పేరు కాదు.

అడ్రస్ వెతికేవాళ్లకు చుక్కలే

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన విషయానికి వద్దాం. ఆస్టిన్ సిటీ ఉన్నది ప్రధానంగా ట్రావిస్ కౌంటీలో. ఆస్టిన్ కౌంటీ ఎక్కడో హ్యూస్టన్‌కి పడమరగా ఉంది, దాని కేంద్రం బెల్‌విల్. హ్యూస్టన్ సిటీ ఉన్నది ప్రధానంగా హారిస్ కౌంటీలో. హ్యూస్టన్ కౌంటీ వేరే ఉంది, దాని కేంద్రం క్రాకెట్ అనే ఊరు. పోనీ క్రాకెట్ కౌంటీ అక్కడే ఉంటుందా అంటే, అదెక్కడో పడమటి ఎడారి వైపు ఉంది. దాని కేంద్రం ఓజోనా!

కారణం పెద్దదేం కాదు. స్టీఫెన్ ఆస్టిన్, శామ్ హ్యూస్టన్, ట్రావిస్, డేవీ క్రాకెట్.. వీళ్లంతా టెక్సాస్‌కి హీరోలు. ట్రావిస్, క్రాకెట్ ఇద్దరూ 1836లో అలమో కోట దగ్గర మెక్సికో సైన్యంతో పోరులో చనిపోయారు. ఊరు పెట్టినవాళ్లు ఒకసారి, కౌంటీ పెట్టినవాళ్లు ఇంకోసారి అవే పేర్లు వాడుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

1876లో అయితే పేర్లు అయిపోయేంత పని జరిగింది. ఆ ఏడాది ఆగస్టులో పడమటి టెక్సాస్‌లో ఒకేసారి 54 కౌంటీలు చేశారు. అక్కడ అప్పటికి జనమే సరిగా లేరు. మ్యాప్ మీద గీతలు గీసి, అలమోలో చనిపోయినవాళ్ల పేర్లు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ల పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఆ హడావుడిలో స్పెల్లింగ్ కూడా చూసుకోలేదు. మాట్లీ కౌంటీ పేరులో ఒక టీ ఎగిరిపోయింది. జేమ్స్ కాలిన్స్‌వర్త్ పేరు కాలింగ్స్‌వర్త్ అయి కూర్చుంది. బిల్లులో తప్పు పడింది, అదే చట్టమైంది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆధార్‌లో పేరు తప్పు పడిన బాధ మనకొక్కళ్లకే అనుకుంటాం కానీ..

యువాల్డి అంతకంటే పాతది. హువాన్ దె ఉగాల్దె అనే స్పానిష్ అధికారి పేరు జనం నోళ్లలో నలిగి అలా మారింది.

కాలిన్ పక్కనే ఉన్న రాక్‌వాల్ మాత్రం మనిషి పేరు కాదు. బావులు తవ్వుతుంటే భూమి లోపల రాతి గోడలాంటిది బయటపడింది. పూర్వం ఎవరో కట్టారని అప్పట్లో తెగ చర్చ. అది సహజంగా ఏర్పడిన రాతి పొరేనని తర్వాత తేల్చారు. 1873లో పుట్టిన ఈ కౌంటీ టెక్సాస్‌లో అన్నిటికంటే చిన్నది. హ్యూస్టన్ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫోర్ట్ బెండ్ కూడా అంతే. బ్రాజోస్ నది వంపు దగ్గర కట్టిన చిన్న కోట వల్ల వచ్చిన పేరు.

రాజకీయాలు మారితే పేరు మారింది

1861లో టెక్సాస్ అమెరికా నుంచి విడిపోయి దక్షిణాది కాన్ఫెడరసీలో చేరింది. బానిసత్వం కోసం పోరాడిన వర్గం అది. వెంటనే కౌంటీల బోర్డులు మారాయి. కాస్ కౌంటీని కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పేరు మీద డేవిస్ అన్నారు. బుకానన్ కౌంటీకి ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ పేరు పెట్టారు. యుద్ధంలో ఓడాక 1871లో డేవిస్‌ని తీసేసి మళ్లీ కాస్ అన్నారు. స్టీఫెన్స్ మాత్రం అలాగే ఉండిపోయింది. అంతేనా, 1887లో జెఫ్ డేవిస్ పేరుతో పడమర వైపు ఏకంగా ఇంకో కౌంటీ పుట్టింది. అదీ ఇప్పటికీ ఉంది. రీగన్ కౌంటీ కూడా ప్రెసిడెంట్ రోనాల్డ్ రీగన్‌ది కాదు, కాన్ఫెడరసీలో పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా చేసిన జాన్ రీగన్‌ది.

64 మంది ఉన్న కౌంటీ!

ఇక అన్నిటికంటే వింత కథ లవింగ్ కౌంటీది. పేరు చూసి ప్రేమ అనుకోవద్దు. ఆలివర్ లవింగ్ అని పశువుల మందలను వందల మైళ్లు తోలుకెళ్లిన వ్యాపారి ఉండేవాడు. 1867లో కమాంచీల దాడిలో గాయపడి చనిపోయాడు. 1887లో ఆయన పేరు మీద మ్యాప్‌లో ఒక కౌంటీ గీశారు. కానీ గీస్తే సరిపోదు. కనీసం 150 మంది ఓటర్లు సంతకాలు పెట్టి అడిగితేనే అక్కడ పాలన మొదలవుతుంది.

1893లో బయటి నుంచి వచ్చిన కొందరు వ్యాపారులు ఆ సంతకాలు చూపించి కౌంటీని మొదలుపెట్టించారు. ఎన్నికలూ జరిగాయన్నారు. తీరా చూస్తే అంతా మోసమని తేలింది. 1897లో రాష్ట్రం కౌంటీని రద్దు చేసి పక్కనున్న రీవ్స్‌లో కలిపేసింది. 1920ల్లో అక్కడ ఆయిల్ పడింది. జనం వచ్చారు. 1931లో లవింగ్ మళ్లీ కౌంటీగా లేచి నిలబడింది.

ఆ జనం తర్వాత మళ్లీ పలచబడ్డారు. 2020 లెక్కల ప్రకారం హారిస్ కౌంటీలో 47 లక్షల మందికి పైగా ఉంటే, లవింగ్‌లో ఉన్నది 64 మంది. అయినా వాళ్లకూ ఒక కౌంటీ జడ్జి, ఒక షెరీఫ్, నలుగురు కమిషనర్లు ఉంటారు. మెంటోన్ అనే చిన్న ఊళ్లో ఒక కోర్టుహౌస్ కూడా ఉంది. చట్టం ముందు హారిస్ ఎంతో లవింగూ అంతే.