గ్రామసభ డిస్కు కంప్యూటరులో కనబడనప్పుడు

గ్రామసభలను, అభివృద్ధి పనులను, తుపాను నష్టములను వీడియో తీయించి డీవీడీ డిస్కులపై భద్రపరచిన పంచాయతీలు గలవు. ఉపాధి హామీ పథకపు సామాజిక తనిఖీ సభలను వీడియో తీయవలెనని 2011 నాటి కేంద్ర నిబంధనలే చెప్పినవి. కూలి డబ్బు తనకు చేరలేదని ఒక వృద్ధురాలు సభలో లేచి చెప్పినచో, మినిట్సు పుస్తకములో దానికి ఒక పంక్తి మాత్రమే దక్కును. ఆమె ఏమి చెప్పినది, అధికారి ఏమి బదులిచ్చినది అక్షరము పొల్లుపోకుండ నుండునది డిస్కులోనే. ఏండ్లు గడచిన పిమ్మట వివాదము వచ్చి, ఆ డిస్కును కంప్యూటరులో పెట్టగా, "డిస్కు ఖాళీగా నున్నది" అని తెరపై కనబడినచో సభ్యులు నిరాశ చెందుట సహజము. కాని దానిని పారవేయరాదు. అట్టి డిస్కులలో పెక్కింటి యందు చిత్రము చెక్కుచెదరక యుండును.

మొట్టమొదట దోషము డిస్కుదా, యంత్రముదా అని తేల్చుకొనవలెను. అంగడిలో కొనిన సినిమా డీవీడీ నొకదానిని అదే కంప్యూటరులో పెట్టి చూడుడు. అదియు ఆడనిచో తప్పు యంత్రముది. అది ఆడి మన డిస్కు మాత్రము ఆడనిచో, ఈ క్రింది కారణములను వెదకవలెను.

అన్నింటికంటె తరచుగా కనబడు కారణము, రికార్డు చేసినవారు డిస్కును ముగింపు చేయకపోవుట. దీనినే రికార్డరుపై 'ఫైనలైజ్' అందురు. సభా తీర్మానములన్నియు వ్రాసి, చివర అధ్యక్షుని సంతకము లేక విడిచిన మినిట్సు పుస్తకము వంటిది ఈ డిస్కు. వ్రాసిన గుమాస్తాకు అందులో ఏది ఎక్కడ నున్నదో తెలియును, పరాయివానికి తెలియదు. అట్లే రికార్డు చేసిన యంత్రము ఆ డిస్కును ఆడించును. కంప్యూటరు మాత్రము డిస్కు మొదట నుండవలసిన విషయసూచిక కొరకు వెదకి, అది లేకపోవుటచే ఖాళీ డిస్కని భ్రమపడును. అప్పుడు "ఈ డిస్కును సిద్ధము చేయమందురా?" యని అడుగుటయు కలదు. అక్కడ అంగీకారపు మీట నొక్కరాదు. నొక్కినచో పాత చిత్రమునకే ముప్పు రావచ్చును.

దీనికి మందు సులభమే. డిస్కును తీసిన స్టూడియోకు కొనిపోయి, అదే రికార్డరులో గాని అదే తయారీదారుని మరియొక రికార్డరులో గాని పెట్టించి ఫైనలైజ్ చేయించవలెను. కొలది నిమిషముల పని. నడుమ విద్యుత్తు ఆగినచో డిస్కు చెడవచ్చును గనుక, కరెంటు నిలుకడగా నుండు వేళ చూచుకొనుట మేలు. ఆ రికార్డరు ఇప్పుడు లేనిచో, ముగింపు కాని డిస్కులను చదువగల ఐసోబస్టర్ వంటి సాఫ్టువేరు కలదు. తెలిసినవారిచేత దానిని ప్రయత్నింపజేయవచ్చును.

రెండవ కారణము వ్రాత పద్ధతి. నౌపడ ప్రాంతము వారికి దీనిని చెప్పుట తేలిక. 1900లో ఆరంభమైన పర్లాకిమిడి లైటు రైల్వే పట్టాల నడుమ దూరము 762 మిల్లీమీటర్లు. నౌపడ మీదుగా పోవు పెద్దలైనుకు 1,676 మిల్లీమీటర్లు. రెండును రైళ్ళే, రెండును నడచును. కాని దీని పెట్టె దానిపై నడువదు. 2004లో చిన్న రైలు నిలిచి, 2011లో పెద్దలైను గుణుపూరు వరకు అందుబాటులోనికి వచ్చు వరకు, మద్రాసు, హౌరా బండ్లు దిగినవారు నౌపడలో బండి మారక తప్పలేదు. డిస్కులందును ఇట్టి భేదము కలదు. సామాన్య డీవీడీలో 'వీడియో టీఎస్' అను ఫోల్డరు ఉండును. కొన్ని రికార్డర్లు మాత్రము 'వీఆర్' అను పద్ధతిలో వ్రాయును. ఆ డిస్కును తెరచినచో 'వీఆర్ఓ' అను తోకతో ఒక పెద్ద ఫైలు కనబడును. దానిని కంప్యూటరులోనికి ప్రతి తీసికొని, ఉచితముగా లభించు వీఎల్‌సీ ప్లేయరుతో తెరచిన చాలవరకు ఆడును.

ఆ వీఎల్‌సీయే మరియొక చిక్కును తీర్చును. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని డీవీడీ చిత్రమును ఆడించు సదుపాయము విండోసుతో సహజముగా వచ్చుట లేదు. డిస్కు నిర్దోషమైనను చిత్రము రాకపోవుటకు ఇంతే కారణము కావచ్చును. ఇక పెక్కు కొత్త ల్యాప్‌టాపులకు డిస్కు పెట్టు అరయే లేదు. యూఎస్‌బీ తీగతో తగిలించు డ్రైవు కొనవలసి యుండును.

ఇక డిస్కు దేహము సంగతి. ఇంట రికార్డు చేసిన డిస్కులో చిత్రము ఒక రంగు పూతపై లేజరు వ్రాసిన గుర్తుల రూపమున నుండును. ఎండ తగిలిన ఆ రంగు వెలసిపోవును. దాని వెనుక లోహపు పొర నుండును. ఉప్పుమళ్ళ నడుమ, సముద్రపు చెమ్మగాలిలో, అంచున అతుకు వదలిన డిస్కులోనికి తేమ చేరి ఆ పొరను తినివేయగలదు. డిస్కుపై కాగితపు చీటీ అంటించుటయు మంచిది కాదు. బరువు ఒకవైపునకు మొగ్గి, తిరుగునప్పుడు ఊగిసలాడును. మాసినచో మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడుచుట మన చేతికి అలవాటే గాని, గుర్తులు డిస్కు చుట్టునే వరుసగా నుండును గనుక, ఆ దిశలో పడిన గీత ఒకేచోట చాల సమాచారమును మ్రింగివేయును.

డిస్కు ఒకసారి తెరచుకొనినచో, ఆ దినముననే హార్డు డిస్కులోనికి ఒక ప్రతి, వేరొక చోట నుంచుటకు మరియొక ప్రతి తీయించవలెను. సాధారణమైన ఒంటిపొర డిస్కులో 4.7 గిగాబైట్లకు మించి పట్టదు గనుక, పెన్‌డ్రైవుపై సహితము పలు సభలు ఇముడును. ఏ సభ, ఏ తేదీ, ఎవరి వద్ద ప్రతి యున్నది అను వివరములు పంచాయతీ రిజిస్టరులో వ్రాయించి, మూల డిస్కును నిటారుగా, పెట్టెలో, చీకటిచోట నుంచుడు.